మోకాలికి మేమున్నాం

చిల్లకల్లు సభలో కిషోర్‌బాబు గారు మైకు అందుకుని, ఇకపై జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో ఆటలాడే ఏ పిల్లకీ మోకాలు దెబ్బతినదని ప్రకటించేశారు. ఆయన క్రీడాకారుల సంక్షేమ కమిటీ ఛైర్మన్. కబడ్డీ జట్టులో ఎంతమందుంటారో ఆయనకు తెలియదు గానీ, ఒక్కొక్కరికీ రెండేసి మోకాళ్లుంటాయని అధికారులు చెప్పగానే సమస్య ఎంత పెద్దదో గ్రహించారు. పథకానికి ‘మోకాలికి మేమున్నాం’ అని పేరు పెట్టారు.

ఆ ఊరి హైస్కూల్ పీఈటీ జెరూషా టీచర్ మురిసిపోయింది. పోయినేడు ఆమె కబడ్డీ జట్టులోని జయమణి మోకాలు దెబ్బతిని ఆటే మానేసింది. ఇప్పుడు జట్టులో అందరికన్నా బాగా ఆడే అక్షయకు అలా కాకూడదని ఈసారి నెల రోజులు పిల్లలతో కలిసి కోర్టు తవ్వి, ఇసుక కలిపి, నీళ్లు చల్లి మెత్తగా చేసింది. ఆటకు ముందు పది నిమిషాల వార్మప్ అలవాటు చేసింది. ఎగిరి దూకితే మోకాళ్లు వంచి దిగాలని నేర్పింది. ఆదివారం నందిగామలో జిల్లా జట్టు సెలక్షన్లు. అక్షయకు చోటు ఖాయమని ఆమె నమ్మకం.

పథకం ప్రారంభోత్సవం శుక్రవారం, ఆ కోర్టులోనే. గురువారం రోడ్డు రోలర్ వచ్చింది.

“అయ్యో, ఏం చేస్తున్నారండీ?” అంటూ జెరూషా పరుగెత్తింది.

“సార్ కార్లు దిగబడిపోతాయి మేడం,” అన్నాడు కిషోర్‌బాబు గారి పీఏ.

“మరి పిల్లలు పడితే?”

“పథకం ఉందిగా!”

పదింటికి రావాల్సిన కిషోర్‌బాబు గారు ఒంటిగంటకే వచ్చేశారు. అప్పటిదాకా పిల్లలు పూలపళ్లేలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఆయన స్వహస్తాలతో అక్షయ కుడికాలికి నీక్యాప్ తొడిగారు. దాని మీద ఆయన ముఖమే నవ్వుతోంది.

“రెండో కాలికి సార్?” అంది అక్షయ.

“రెండో విడతలో అమ్మా. అన్నీ ఇప్పుడే ఇచ్చేస్తే మళ్లీ మీ దగ్గరికెలా వస్తాను?”

చప్పట్లు మోగాయి. “ఏదీ, ఒకసారి కూతకెళ్లు, ఫోటో తీస్తారు,” అన్నారాయన.

“పది నిమిషాలు వార్మప్ చేయనివ్వండి సార్. మూడు గంటలుగా నిలబడే ఉన్నారు,” అంది జెరూషా.

“వార్మప్ గురించి ప్రసంగంలో చెప్పాగా టీచరమ్మా! అవతల నందిగామలో సభుంది.”

అక్షయ కూతకెళ్లింది. కాళ్లు పట్టబోయిన వాళ్ల మీదుగా ఎగిరి, రాయిలా బిగిసిన నేల మీద దిగింది. మోకాలు పట్టుకుని కేక పెట్టింది. జెరూషా పరుగెత్తుకెళ్లి పక్కన కూలబడింది. కిషోర్‌బాబు గారి ముఖం పాలిపోయింది.

“ఏ మోకాలు?” అన్నారు.

“ఎడమది సార్,” అంది జెరూషా.

“అమ్మయ్య! మనది కుడిది.”

పథకం పరిధిలోని మోకాళ్లన్నీ క్షేమమని మర్నాడు పేపర్లో వచ్చింది. జగ్గయ్యపేట ఆసుపత్రిలో, కాలికి కట్టుతో పడుకున్న అక్షయ పక్కన కూర్చుని జెరూషా అది చదివింది.

“రేపే కదా టీచర్ సెలక్షన్లు?” అంది అక్షయ. జెరూషా పేపరు మడిచి పక్కన పెట్టింది. ఇంతలో పీఏ ఫోన్ చేశాడు.

“సార్ మనసు కదిలిపోయిందండీ. రెండో విడత రేపే, సెలక్షన్ల దగ్గరే పెట్టేశారు. ఎడమకాలికి తొడిగే ఫోటోకి మీ స్కూల్ నుంచి ఒకమ్మాయి కావాలి. కట్టు లేని అమ్మాయిని చూసి పంపండి మేడం.”