ఉమ్మడి ఇంగ్లీషు వల్ల మాకు జరిగిన మేలు

మా తమ్ముడు లక్ష్మీనరసయ్య కార్తికంలో ఒక మంగళవారం పోయాడు. మార్కాపురంలో కొత్తగా పెట్టిన కాలేజీలో పి.యు.సి. పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడు. పదకొండో రోజున అతని పేర ఒక పుస్తకం వచ్చింది. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ ఇంగ్లీషు బోధనలో ఉమ్మడి ప్రణాళిక. వచ్చే మార్చి పరీక్షలనుంచే అమలు. నేను హైస్కూలు అయ్యవారిని, ఏ కాగితమైనా చివరిదాకా చదవడం అలవాటు. చదివాక తెలిసింది, మాకు ఏ నష్టమూ జరగలేదని.

ఎట్లాగంటారా? ఇకపై సముద్రం ఒడ్డు కాలేజీలోనూ, నల్లమల కింది మా కాలేజీలోనూ ఒకే వారం ఒకే పాఠం, ఒకే మాటల్లో చెప్పాలి. చెప్పే మనిషి ఎవరైనా ఒకటేనని మూడో పేజీలో ఉంది. ఎవరైనా ఒకటే అయినప్పుడు, ఒకరు పోతే ఏం పోయినట్టు? ఇంత ఓదార్పు మా బంధువులెవరూ ఇవ్వలేకపోయారు.

పిల్లలు చిన్నసారు అని పిలిచే మా తమ్ముడిది వట్టి కాలయాపన పద్ధతి. మా ఊరి పలకరాయి గనుల దగ్గర పారేసిన పలక ముక్కలు ఏరుకు రమ్మనేవాడు. ఒక్కొక్కరూ వాటిమీద తాము కళ్ళారా చూసినదాన్ని ఒక ఇంగ్లీషు వాక్యంగా రాయాలి. అబద్ధం కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయించేవాడు. ఒక్క వాక్యానికి ఒక పూట!

ప్రణాళికలో ఆ బాధ లేదు. మిత్రుణ్ణి సముద్రతీరానికి ఆహ్వానించే ఉత్తరం అచ్చువేసే ఇచ్చారు. కంఠస్థం చేస్తే చాలు. సముద్రం చూసి ఉండనక్కర్లేదు. మిత్రుడూ అక్కర్లేదు.

ఈ సౌకర్యాన్ని కాదన్నవాడు మా తమ్ముడి శిష్యుడు ఖాదర్ వలి ఒక్కడే. మార్చి పరీక్షలో మిత్రుణ్ణి కంభం చెరువుకు పిలిచాడు. మిగతా అన్నిట్లో పాసై, ఇంగ్లీషులో తప్పాడు.

"అచ్చులో ఉన్నది రాయొచ్చు కదరా?" అన్నాను.

"సముద్రం నేను చూళ్ళేదు సార్. చూడంది రాస్తే చిన్నసారు తుడిచేస్తాడు."

గాజులమ్మే వాళ్ళమ్మ బాషాబీ పక్కనే ఉంది. "రెండూ నీళ్ళే గదా అయ్యవారూ. మా చెరువు నీళ్ళయితే తాగొచ్చు గూడ. ఏంది వాళ్ళ తకరారు?"

జవాబు కోసం ఆ పుస్తకంలో వెతికాను, లేదు.

పేపరు మళ్ళీ దిద్దితేనే కర్నూలులో వాడికి బి.ఎస్సీ. సీటు. దరఖాస్తు మీద ఇంగ్లీషు అధ్యాపకుడు సంతకం చేయాలట. ఎవరైనా ఒకటే కదా అని నేను కలం తీశాను. కాలేజీ గుమాస్తా మాల్యాద్రి కాగితం వెనక్కి లాక్కున్నాడు.

"అట్ల కుదర్దు సార్. ఇంగ్లీషు లెక్చరరే చేయాల. ఇంకెవురు చేసినా చెల్లదు."

ఆ ఉద్యోగం ఆరు నెలలుగా ఖాళీ. గడువు శనివారం. సంతకం ఇంకా కాలేదు.