నలభై రోజుల కాఫీ పథ్యం

పొద్దున్నే పడుగు పని ముగించుకుని, ఎనిమిదింటి రైలుకి గుంటూరు వెళ్లి బ్రాడీపేట డాక్టరుకి కన్ను చూపించుకోవాలి. చీరాల నేతగాడు మార్కండేయులు ఆ రోజుకి అనుకున్నది అంతే. ఎడమ కంట్లో నీటికాసులు, అదే గ్లకోమా. "కాఫీ తాగితే కంట్లో ప్రెషరు పెరుగుతుందయ్యా, నరానికి రక్తం సరిగ్గా అందదు. చుక్కలు వేసుకో, నలభై రోజులు కాఫీ మానెయ్. అప్పటికీ తగ్గకపోతే కత్తి పెట్టాల్సిందే" అన్నారు నలభై రోజుల కిందట డాక్టరు గారు. కన్ను పోయాక మగ్గం ముందు కూర్చుని చేసేదేముంది? రోజుకి ఆరు గ్లాసులు లాగించే మనిషి ఒక్కసారిగా మానేశాడు. ఆనాటి నుంచి ఇంటి మీదా, వీధి మీదా, ఆఖరికి రైలు కూత మీదా మండిపడుతూనే ఉన్నాడు. ఇంతా చేస్తే భార్య సామ్రాజ్యం నమ్మదు. బయటికెళ్లి వచ్చినప్పుడల్లా నోరు వాసన చూస్తుంది.

వీధిలో పడుగు నూలు పోగులు బారుగా చాచి గంజి పట్టించారు. కుంచెలతో దువ్వడానికి ఇరుగుపొరుగు ఎనిమిది మంది వచ్చారు. ఎవరి పడుగైతే వాళ్లింటివాళ్లు కాఫీ పొయ్యడం ఆ వీధి మర్యాద. సామ్రాజ్యం శొంఠి కషాయం తెచ్చింది.

"ఇదేంటి వదినా, మాకేమన్నా జలుబు చేసిందా?" అన్నాడు కోటిలింగం.

"కాఫీ వాసనొస్తే మీ అన్నయ్య ఆగుతాడా?"

"ఆయన కంటికి మా నోళ్లు కట్టేస్తావా?" కోటిలింగం కుంచె కింద పెట్టాడు. మిగతా ఏడుగురూ పెట్టేశారు.

గంజి ఆరితే పోగులన్నీ అతుక్కుపోతాయి. మార్కండేయులు చెంబు పుచ్చుకుని హయాత్ హోటలుకి పరుగెత్తాడు.

"నీకు పొయ్యొద్దని అక్క మరీ మరీ చెప్పింది, బావా" అన్నాడు హయాత్.

"నాక్కాదురా! పడుగు దగ్గరోళ్లకి! ముందు పొయ్యి!"

నిండు చెంబుతో వస్తుంటే పక్కింటి పేరమ్మ కంటపడ్డాడు. "సామ్రాజ్యం! మీ ఆయన చెంబుడు కాఫీ తాగేస్తున్నాడే!" అని కేకేస్తూ ఆమె చెంబు పట్టుకుని లాగింది. అతను వదల్లేదు. కాఫీ అంతా చొక్కా మీద ఒలికింది.

"తాగలేదు మొర్రో! ఒక్క చుక్క ముట్టలేదు!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. ఒక్కరు నమ్మితే ఒట్టు. ఆ రభసలో గంజి కాస్తా ఆరిపోయి పడుగు కర్రలా బిగుసుకుంది. రైలుకి వేళయింది. చొక్కా మార్చుకునే తీరిక లేక భార్యతో సహా అలాగే ఎక్కాడు.

డాక్టరు గారు ముక్కు ఎగబీల్చారు. "నిక్షేపంలా తాగొచ్చావే!"

"తాగలేదండీ!"

ఆయన ఆ మాట పట్టించుకోకుండా కంట్లో ప్రెషరు కొలిచారు. మళ్లీ కొలిచారు. "బాగా తగ్గిందయ్యా! కత్తి అక్కర్లేదు. తాగుతున్నా తగ్గిందంటే నీ కంటికి కాఫీతో పేచీ లేదన్నమాట. పొద్దున్నే ఒక గ్లాసు తాగు, తప్పులేదు."

సామ్రాజ్యం కంగారుగా ముందుకొచ్చింది. "అయ్యో, తాగలేదండీ! నలభై రోజులుగా ఒక్క చుక్క ముట్టలేదు, అందుకే తగ్గింది. నా పసుపుకుంకాల మీద ఒట్టు!"

మార్కండేయులు అంతెత్తున లేచాడు. నలభై రోజులు నమ్మని మనిషి ఇప్పుడా నమ్మేది!

"నీకేం తెలుసే? తాగాను! రోజూ తాగాను! ఇందాక చెంబుడు తాగాను!"

డాక్టరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చీటీ మీద మానాల్సిన వాటిలో కాఫీ పక్కన టీ కూడా చేర్చారు.