అడుగు రద్దు

"నేటితో ఈ దేశంలో అడుగు అంతమైంది! ఇక మీటరే మన మాట, మీటరే మన బాట!" అని కొలతల శాఖ మంత్రిగారు మైకు బద్దలయ్యేలా ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు అర్జీల సెక్షన్లోని టెంపరరీ టైపిస్టు. పాపం, కొట్టక ఏం చేస్తాడు? వచ్చే శనివారంతో అతని ఉద్యోగం గడువు తీరిపోతుంది. పర్మనెంటు చెయ్యమని ఈలోపే మంత్రిగారి కాళ్ళావేళ్ళా పడాలి.

మంత్రిగారి మేధస్సు సామాన్యమైనదా? అడుగూ అంగుళం అంటూ బూజుపట్టిన కొలతల్ని ఒక్క సంతకంతో ఊడ్చిపారేశారు. ఇకపై ఏ ఆఫీసులోనూ 'అడుగు' అన్న మాట వినపడరాదు, దాని బదులు 'ముప్పై పాయింట్ నాలుగు ఎనిమిది సెంటీమీటర్లు' అనాలి అని ఆర్డరు వచ్చింది.

మన భాషలో అడుగు ఒకటా? కొలిచే అడుగుంది, వేసే అడుగుంది, గిన్నెకో అడుగుంది, నోరు తెరిచి ఎదుటివాణ్ణి అడుగు అనేదీ ఉంది. వీటిలో రద్దయింది ఏదో ఆర్డరులో లేదు. మంత్రిగారిని అడిగే ధైర్యం సెక్షన్ ఆఫీసరుకి లేదు. అందుకని ముందుజాగ్రత్తగా అన్నిటినీ రద్దు చేశాడు.

మర్నాటి నుంచి స్టాఫంతా కాళ్ళు ఎత్తకుండా వరండాలో ఈడ్చుకుంటూ తిరిగారు. నేల అద్దంలా మెరిసింది. కిటికీ దగ్గరికి ఓ ముసలాయన వచ్చాడు.

"బాబూ, నా కుళాయి సంగతి..."

"పక్క సీట్లో ముప్పై పాయింట్ నాలుగు ఎనిమిది సెంటీమీటర్లు, తాతా" అన్నాడు టైపిస్టు.

ముసలాయన రెండు చేతులూ చాచి ఆ పొడవు గాల్లో కొలుచుకున్నాడు. "ఇంతేనా పైపు ఇచ్చేది? దీన్ని నెత్తిన పెట్టుకోనా?" అని విసవిసా వెళ్ళిపోయాడు.

ఇంటికెళితే భార్య వంటింట్లోంచి, "అయ్యో, పాలు అడుగంటాయి!" అంది.

"మెల్లగా! పక్కింటాయనది మా ఆఫీసే" అంటూ అతను కిటికీ మూశాడు.

"మీ ఆఫీసు మండిపోనూ! ముంచుకొస్తోంది శనివారం. అడగందే అమ్మైనా పెట్టదు. వెళ్ళి అడగండి!"

"అదే కదే రద్దయింది!" అన్నాడు.

శుక్రవారం మంత్రిగారు పత్రికా ప్రకటన టైపు చెయ్యడానికి పిలిచారు. టైపిస్టు ఉన్న దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుని నోరు విప్పాడు.

"సార్, తమర్ని ఒక్కమాట... ముప్పై పాయింట్ నాలుగు ఎనిమిది సెంటీమీటర్లు... చేద్దామని..."

"శభాష్! పాయింటు తర్వాతది కూడా తప్పలేదు! నీలాంటివాళ్ళుంటే దేశానికి ఢోకా లేదయ్యా. ఊఁ, కొట్టు. వారం రోజులుగా మాకు ఒక్క అర్జీ రాలేదు. మీటరు పుణ్యాన ప్రజలకు ఏ లోటూ లేదని తేలిపోయింది. కాబట్టి అర్జీల సెక్షన్ రేపటినుంచి ఎత్తివేస్తున్నాం."

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి.

మంత్రిగారిది వెన్నలాంటి మనసు. వచ్చి భుజం తట్టారు. "ఏంటయ్యా, బిక్కచచ్చిపోయావు? నేను లేనూ? నీకేం కావాలన్నా మొహమాటపడకుండా నన్ను..." అని చప్పున నాలిక్కరుచుకుని, అటూ ఇటూ చూసి, "ముప్పై పాయింట్ నాలుగు ఎనిమిది సెంటీమీటర్లు" అని ముగించి, వెళ్ళి కారెక్కారు.

టైపిస్టు అది కూడా టైపు చేశాడు.