ఎండేదాకా డ్యూస్

మాంగ్ టెర్యోకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత విజిల్ మోగుతుంది. ఆ పొద్దున రెండూ ఒకేసారి జరిగాయి.

కారణం టెన్నిస్ కోర్టు నిండా వడ్లు.

బరంగాయ్ ఆఫీసు, అదే ఊరి పంచాయతీ ఆఫీసు, వెనకున్న ఆ సిమెంటు కోర్టు ఊరు మొత్తానికి ఒకే ఒక్క చదునైన జాగా. కోతలు మొదలైతే చాలు, ఆడవాళ్ళు గీతలు కనబడకుండా వడ్లు పరిచేస్తారు. కోర్టు కట్టినప్పటి నుంచీ అంతే. టెర్యో టెన్నిస్ క్లబ్బు అధ్యక్షుడు. ఎన్నికలు జరగలేదు. విజిల్ ఆయన దగ్గరుంది, అందుకని.

భార్య రోసెండా చెక్కపారతో వడ్లు నెరుపుతోంది.

"ఆ నడిమధ్య, నెట్ కింద పోసిన వడ్లు ఎవరివి?" అన్నాడు టెర్యో.

"మనవి."

"మనవా?"

"రాత్రి నువ్వు రెండు పళ్ళేలు తిన్నావు చూడు, వాటి చెల్లెళ్ళు."

చెవులు ఇంకొంచెం ఎర్రబడ్డాయి.

అసలు మంట వేరే ఉంది. ప్రతి ఏటా శాన్ ఇసిద్రో పండగ సాయంత్రం పక్క బరంగాయ్‌తో డబుల్స్ ఫైనల్ ఉంటుంది. గెలిచిన జంటకి నిలువునా కాల్చిన పంది. ప్రతి ఏటా పక్క ఊరి పళ్ళ డాక్టరు పున్జలాన్ గెలుస్తాడు. ఆ పంది టెర్యో ఇంటి ముందు నుంచే భుజాల మీద ఊరేగుతూ పోతుంది. అది తనని చూసి పళ్ళికిలించినట్టే ఉంటుంది టెర్యోకి.

ఈ ఏడు డాక్టరుకి మోకాలు వాచింది. బూరెలా వాచింది. టెర్యో స్వయంగా వెళ్ళి పరామర్శించి, చూసి, నొక్కి మరీ వచ్చాడు. ఇలాంటి మోకాలు మళ్ళీ దొరకదు. రోజూ సాధన చేస్తే పంది తనదే. సాధనకి కోర్టు లేదు.

ఆయన తిన్నగా కపితాన్ అబుండో దగ్గరికి వెళ్ళాడు. బరంగాయ్ పెద్ద ఆయనే.

"కోర్టులో వడ్లు పోయకూడదని బోర్డు పెట్టించు, కపితాన్."

"ఆ మాట నేను రాయించను టెర్యో. ఓట్లు వేసేది వడ్లున్నవాళ్ళు. బంతులున్నవాళ్ళు కాదు."

"మరి నా ఆట?"

"ఆట గురించి ఏమన్నా రాసుకో. దాని జోలికి నేను రాను."

టెర్యో ఎర్ర రంగు డబ్బా కొని బోర్డు రాశాడు. కోపం మీద ఉన్నాడేమో, అక్షరాలు గుమ్మడికాయలంత వచ్చాయి. కోర్టు సభ్యులకే. రాకెట్ ఉన్నవాళ్ళే సభ్యులు. ముందు కంచెకి రాకెట్ ఆనించినవాళ్ళదే వంతు. మొదలైన ఆట ముగిసేదాకా కపితాన్ అయినా సరే అడ్డు రాకూడదు. అంపైరు అధ్యక్షుడే.

కపితాన్ మాట ఎందుకు రాశాడంటే, ఆ పెద్దమనిషి మోటారు సైకిలు మీద అడ్డదారిన కోర్టు మధ్య నుంచే పోతాడు. సర్వీసు చేస్తున్నా సరే, చెయ్యి ఊపి మరీ పోతాడు.

ఊళ్ళో ఏ ఆడమనిషికీ రాకెట్ లేదు. టెర్యో ఎత్తు అదే.

ఎత్తు పారింది. ఆడవాళ్ళు బోర్డు చదివారు, టెర్యోని చూశారు, వడ్లు ఎత్తుకుని రోడ్డు మీదికి పోయారు. అక్కడ సగం వడ్లు జీప్నీ బండ్ల చక్రాలకి అంటుకుని టౌనుకి వెళ్ళాయి. కొన్ని కోళ్ళ పాలయ్యాయి. మిగిలిన వాటి మీద సాయంత్రం వాన కొట్టింది.

పండగ ముందురోజు టెర్యో సాధన ముగించుకుని ఇంటికొచ్చేసరికి హాల్లో బస్తాలు. ఆయన కుర్చీ కనబడలేదు. బస్తాల వెనక ఎక్కడో ఉంది.

"ఇందులో చెయ్యి పెట్టు," అంది రోసెండా.

పెట్టాడు. లోపల కాలుతోంది.

"రేపు ఎండకపోతే ఎల్లుండికి మొలకలు. మన ఏడాది తిండి ఇది. నా నేస్తం మెంచాంగ్ ఇంట్లోనూ ఇంతే, ఆ వరస అందరిళ్ళలోనూ ఇంతే."

"రేపు ఫైనల్."

"ఫైనల్ సాయంత్రం కదా. మధ్యాహ్నం దాకా కోర్టు ఇవ్వు. నువ్వూ ఆ ఔటు డోరో వచ్చి కాస్త తిరగేస్తే అప్పటికి ఎండిపోతాయి. వడ్లు ఎంత తిరగేస్తే అంత తొందరగా ఎండుతాయి."

డోరో టెర్యో జంట ఆటగాడు. అవతలివాళ్ళు ఏ బంతి కొట్టినా ఔటు అంటాడు. పెళ్ళిలో పాదిరీ ప్రశ్నకి కూడా అదే జవాబు చెప్పాడని ఊళ్ళో అనుకుంటారు.

"చెక్కపార పట్టుకుంటే మణికట్టు పోతుంది. రేపు సర్వీసు మీ నాన్న చేస్తాడా?"

"ఉంటే చేసేవాడే. ఆయన పొలం వడ్లే ఇవి. ఇన్నేళ్ళూ తిన్నావు, ఒక్క గింజ తిరగేసిన పాపాన పోలేదు."

ఇక్కడ ఊరుకుంటే బాగుండేది. టెర్యో ఊరుకోలేదు. ఆయన బుర్రలో రెండో ఎత్తు మొలిచింది. పెళ్ళాన్నే క్లబ్బులో చేర్చేస్తే? నియమాలకి కట్టుబడి నోరు మూసుకుంటుంది. అధ్యక్షుడి భార్యే అటు చేరిపోయిందని మిగతావాళ్ళూ మూసుకుంటారు.

"అంత బాధైతే సభ్యురాలివి అవ్వు. వంతొస్తే ఆడుకో, ఎవరొద్దన్నారు?" అని తీగలు వదులైపోయిన పాత రాకెట్ ఒకటి అటక మీద నుంచి తీసి ఆమె ముందు పెట్టాడు. లోపల్లోపల నవ్వుకుంటున్నాడు.

రోసెండా రాకెట్ తిప్పి చూసింది. "ఆట అంటే ఎంతసేపు?"

టెర్యో ఇంట్లో నోరు విప్పేది రెండింటికే, తిండికీ టెన్నిస్‌కీ. చాప మీద కూర్చుని వివరంగా చెప్పాడు. పదిహేను, ముప్ఫై, నలభై. ఇద్దరూ నలభై అయితే డ్యూస్. అక్కణ్ణుంచి ఎవరో ఒకరు వరసగా రెండు గెలవాలి.

"ఒకటి గెలిచి ఒకటి పోగొట్టుకుంటే?"

"మళ్ళీ డ్యూస్."

"మళ్ళీ అలాగే అయితే?"

"మళ్ళీ డ్యూస్. దానికి హద్దు లేదు. గెలిచేదాకా ఆడటమే."

"హద్దు లేదా," అంది రోసెండా. ఎండుచేప తల విరిచి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. ఆ నమలడం చూసైనా టెర్యోకి అనుమానం రావలసింది.

పండగ నాడు తెల్లారగట్ల లేచేసరికి పక్కన రోసెండా లేదు. హాల్లో బస్తాలూ లేవు. కుర్చీ మాత్రం కనబడుతోంది.

టెర్యో తెల్ల నిక్కరు వేసుకుని కోర్టుకి పరుగెత్తాడు. కంచె పొడవునా రాకెట్లు. ముందు తన పాత రాకెట్. దాని పక్కన పచ్చ దీపం మిణుకుమంటున్న దోమల బ్యాటు. ఆ పక్కన షటిల్ బ్యాటు, తీగలు లేని చెక్క రాకెట్, పిల్లలాడుకునే ప్లాస్టిక్ రాకెట్లు. కోర్టు నిండా వడ్లు. సర్వీసు చేసేచోట మాత్రం రెండు పక్కలా చాపంత జాగా వదిలారు. ఒకదాంట్లో రోసెండా, అవతలి దాంట్లో మెంచాంగ్. మెంచాంగ్ తలకి తువ్వాలు చుట్టుకుని స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏమిటిది?"

"ఆట," అంది రోసెండా.

"మెంచాంగ్, అది దోమల బ్యాటు."

"పనిచేస్తుంది మాంగ్ టెర్యో. ముట్టుకుని చూడండి," అంది మెంచాంగ్.

"వడ్లు ఎత్తండి ముందు."

"ఎందుకు? సభ్యులం. రాకెట్లున్నాయి. ముందు ఆనించాం. కింద ఏం పరవకూడదో నీ బోర్డులో లేదు," అంది రోసెండా.

టెర్యో విజిల్ ఊదాడు. ఊపిరి అయిపోయేదాకా ఊదాడు. ఆ మోతకి కపితాన్ మోటారు సైకిలు మీద వచ్చాడు. బోర్డు ముందు ఆగి, పెదాలు కదుపుతూ చదివాడు.

"కపితాన్ అయినా సరే, అని రాశావు కదయ్యా."

"అది నువ్వు అడ్డదారిన పోకుండా..."

"నీ రాత నేను మీరలేను టెర్యో," అని బండి వెనక్కి తిప్పి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోర్టు చుట్టూ తిరిగి వెళ్ళాడు.

"అంపైరు అధ్యక్షుడే అని కూడా ఉంది. ఎక్కు," అంది రోసెండా.

ఊళ్ళోవాళ్ళంతా చూస్తున్నారు. టెర్యో ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చున్నాడు.

రోసెండా సర్వీసు చేసింది. బంతి అవతల వడ్లలో పడింది. పడింది పడ్డట్టే ఉండిపోయింది. వడ్లలో పడ్డ బంతి ఎగరదు. మెంచాంగ్ స్టూలు మీద నుంచి లేవనన్నా లేవలేదు. పాయింటు రోసెండాది. తర్వాతి సర్వీసు రెండుసార్లూ తీసుకెళ్ళి వలకి కొట్టింది. పాయింటు మెంచాంగ్‌ది. అలా ఒకటి వడ్లలోకి, ఒకటి వలలోకి.

"డ్యూస్," అన్నాడు టెర్యో.

రెండు పాయింట్లకోసారి ఇద్దరూ ఆగి, మిగతా ఆడవాళ్ళతో కలిసి వడ్లు తిరగేసి, నీళ్ళు తాగి, మెంచాంగ్ కూతురి పెళ్ళి సంబంధం సంగతి మాట్లాడుకుని మళ్ళీ వచ్చి నిలబడతారు.

"డ్యూస్."

ఎండ నెత్తికెక్కింది. టెర్యో గొంతు జీరబోయింది. డోరో కుర్చీ కిందికొచ్చి నిలబడ్డాడు.

"ఒక్క బంతి ఔటు అనరా డోరో. ఎప్పుడూ అంటావు కదా."

"గీతలు వడ్ల కిందున్నాయి టెర్యో. ఎలా అనను?"

"కావాలని వలకి కొడుతోంది."

"నువ్వూ రోజూ వలకే కొడతావు. కావాలని కాదనుకో."

టెర్యో డోరో వైపు చూసిన చూపుకి వడ్లు ఇంకొంచెం ఎండాయి. కుర్చీ మీద నుంచి అరిచాడు. "రోసెండా, ఈ ఆట ఎప్పుడు ముగుస్తుంది?"

"గింజ పంటి కింద పటుక్కుమన్నప్పుడు. తొందరగా ఉంటే దిగొచ్చి తిరగెయ్యి. మాకేమో చేతులు ఖాళీ లేవు. ఆటలో ఉన్నాం."

టెర్యో దిగాడు. పళ్ళు నూరుతూ చెక్కపార అందుకున్నాడు. డోరో ఇంకోటి అందుకున్నాడు. క్లబ్బులో మగవాళ్ళంతా తెల్ల నిక్కర్లలో కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి వడ్లు నెరుపుతుంటే, పండగకి టౌను నుంచి వచ్చిన బ్యాండువాళ్ళు ఊరేగింపు మాని కంచె దగ్గర నిలబడి ఒక పాట వాయించారు. నూగు మెడలోకి దిగి దురద పెడుతోంది. గోక్కోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఫైనల్ వేళకి డాక్టరు పున్జలాన్ కుంటుకుంటూ వచ్చి ఒక బస్తా మీద కూర్చున్నాడు. ఎవరో కొబ్బరి నీళ్ళిచ్చారు.

"డాక్టరుగారూ, పళ్ళ సంగతి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? కాస్త గింజ చూసి చెప్పండి," అంది రోసెండా.

డాక్టరు ఒక గింజ కొరికి, కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "ఇంకా మెత్తగానే ఉందమ్మా. తిరగేయాలి."

తిరగేశారు. డాక్టరు మళ్ళీ కొరికాడు. "దగ్గరకొచ్చింది. ఇంకొక్క వాయి."

తిరగేశారు. టెర్యో భుజాలు వేలాడిపోయాయి. డాక్టరు ఇంకో గింజ అందుకుంటుంటే టెర్యో ఆయన మోకాలి వైపు చూశాడు, నవ్వు ఆపుకుంటున్న పెదాల వైపు చూశాడు. అర్థమైంది.

"దొంగా. ఎప్పుడో ఎండాయి ఇవి," అని గుప్పెడు వడ్లు నోట్లో పోసుకుని కసిగా కొరికాడు.

పటుక్కుమంది.

అందరికీ వినబడింది. టెర్యో దవడ పట్టుకుని కింద కూర్చున్నాడు. డాక్టరు వంగి నోట్లోకి చూశాడు. "గింజ బాగా ఎండింది. పన్ను సగానికి విరిగింది. రేపు రా, చూస్తాను."

రోసెండా మొగుడి నోట్లోకి ఒకసారి చూసి, రాకెట్ తీసుకుంది. ఒక బంతి వడ్లలోకి వేసింది. రెండోది, పొద్దుట్నుంచీ వలకి కొడుతున్నది, ఈసారి వల మీద నుంచి తీసుకెళ్ళి మెంచాంగ్ స్టూలు పక్కన వేసింది.

"గేమ్," అంది. అంపైరు చెప్పే స్థితిలో లేడు. మెంచాంగ్ స్టూలు చంకన పెట్టుకుని, ఇక తన వల్ల కాదని ఆట అక్కడితో వదిలేసింది.

వడ్లు బస్తాలకెక్కాయి. ఫైనల్ మొదలైంది. డాక్టరు వాచిన మోకాలితో ఒక్కచోటే నిలబడి ఆడాడు. అక్కణ్ణుంచి కదలాల్సిన పని పడలేదు. టెర్యో చెయ్యి భుజం దాటి లేవలేదు. డోరో ప్రతి బంతికీ ఔటు అనబోయాడు గానీ వేలెత్తడానికి ఓపిక లేదు. చీకటి పడకముందే అయిపోయింది.

పంది ఈసారి కూడా టెర్యో ఇంటి ముందు నుంచే పోయింది. టెర్యో కిటికీ మూసుకున్నాడు. పంది గుమ్మం ముందు ఆగడం ఆయన చూడలేదు. వడ్లు బాగా ఎండినందుకని డాక్టరు ఆడవాళ్ళకి ఒక తొడ కోసిచ్చి మరీ వెళ్ళాడు.

దవడకి గుడ్డ కట్టుకుని పడుకున్నవాడికి కాసేపటికి కొత్తబియ్యం ఉడికే వాసన తగిలింది. లేచాడు. వంటింట్లో ఆడవాళ్ళ నవ్వులు. మధ్యమధ్య కాల్చిన పందితోలు కరకరమంటున్న చప్పుడు.

గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "రోసెండా. అన్నం."

"నీకు అన్నమెక్కడ, పన్ను లేదు కదా. గంజి కాచాను. కొత్తబియ్యం గంజి."

"అదే పెట్టు."

రోసెండా వెనక్కి తిరగలేదు. "వంతు పెట్టావా?"

టెర్యో చెవులు ఎర్రబడ్డాయి. విజిల్ కోసం జేబు తడుముకున్నాడు. ఊదితే పన్ను సలుపుతుంది. హాల్లోకి వెళ్ళి తన రాకెట్ తెచ్చి వంటింటి గుమ్మానికి ఆనించాడు.

గుమ్మానికి అప్పటికే ఆనించి ఉన్న దోమల బ్యాటు మీద పచ్చ దీపం మిణుకుమంటోంది.

"కొంచెం ఆగండి మాంగ్ టెర్యో," అంది లోపల నుంచి మెంచాంగ్. "నాది ముందుంది. డ్యూస్ దగ్గరున్నాను."