హెచ్చరికలు యథాప్రకారం వస్తున్నాయి

మనిషి బతికున్నాడనడానికి ఊపిరి గుర్తయితే, ఆఫీసు కంప్యూటరు బతికుందనడానికి హెచ్చరిక గుర్తు. నీటి సరఫరా ఆఫీసులో ఈ పరమసత్యం ప్రోగ్రామరమ్మకు తప్ప అందరికీ తెలుసు.

అక్కడి కంప్యూటర్లో స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. కుళాయి రావడం లేదని జనం పెట్టుకునే ఫిర్యాదుల్లోంచి ఫోన్ నంబర్లు ఏరి మరమ్మతు మేస్త్రీలకు పంపడం దాని పని. ఏరడానికి అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అనే నమూనాలున్నాయి, వాటి నిండా వెనక్కి వాలిన గీతలు, అంటే బ్యాక్‌స్లాష్‌లు. స్క్రిప్టు రాసిన కంప్యూటరు భాషకు కొత్త వెర్షన్ వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే తెర మీద పసుపు అక్షరాల్లో ఒకటే సణుగుడు. ఈ బ్యాక్‌స్లాష్ ఏమిటో నాకు అర్థం కావడం లేదు, ఇప్పటికి సర్దుకుపోతున్నాను, ముందు ముందు ఊరుకోను అని. (చుట్టపుచూపుగా వచ్చిన మేనత్తలు కూడా ఇలాగే మొదలుపెడతారు.)

ప్రోగ్రామరమ్మకు సెలవు కావాలి. వాళ్లమ్మకు కంటి ఆపరేషన్. కట్టు విప్పేదాకా పక్కన మనిషి ఉండాలి, అందుకు తను తప్ప వేరే ఎవరూ లేరు. "పెండింగు లేకుండా చూసుకుని వెళ్లమ్మా" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆవిడ ఒక్కో నమూనా ముందు, కొటేషన్ గుర్తుకు ఇవతల, 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరం తగిలించింది. బ్యాక్‌స్లాష్‌ను ఉన్నదున్నట్టు చదువుకో అని దానర్థం. టీ చల్లారేలోపు సణుగుడు ఆగిపోయింది.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ ఈ ఆఫీసులో పనిచేసినవాళ్లు కారు. మర్నాడు సూపరింటెండెంటు గారు తెర చూసి కుర్చీలో కూలబడ్డారు.

"ఏమ్మా, ఇది ఏమీ అనడం లేదేం?"

"బాగుచేశాను సార్. శుభ్రంగా పనిచేస్తోంది."

"చేస్తోందని ఎలా తెలుస్తుంది? రోజూ ఏదో ఒకటి అనేది, ఉందిలే అని నిశ్చింతగా ఉండేవాళ్లం."

"మేస్త్రీలకు నంబర్లు వెళ్తున్నాయి కదండీ."

"అది మేస్త్రీలు చూసుకుంటారు. మనం చూడాల్సింది తెర."

వెంటనే నిశ్శబ్ద పరిశీలక సంఘం వేశారు. సభ్యులు తెర ముందు కూర్చుని నిశ్శబ్దాన్ని క్షుణ్ణంగా పరిశీలించారు. (ముందుగా కునుకు తీసినవారిని ఏకాగ్రత దృష్ట్యా అధ్యక్షుణ్ణి చేశారు.) హెచ్చరించని యంత్రాన్ని నమ్మరాదనీ, పాత హెచ్చరికలను సగౌరవంగా పునరుద్ధరించేదాకా సదరు ఉద్యోగినికి సెలవు ఇవ్వరాదనీ తీర్మానించారు.

ప్రోగ్రామరమ్మకు ఒళ్లు మండింది. కానీ ఆపరేషన్ ఎల్లుండే. పళ్లు బిగబట్టి కూర్చుని, స్క్రిప్టులో అన్నిటికంటే పైన, పాత సణుగుడంతా పొల్లుపోకుండా తెర మీద వేసే వరస ఒకటి రాసిపెట్టింది. (కింద అసలు పని జరిగినా, జరక్కపోయినా ఈ వరస మాత్రం పలుకుతుంది.) తెర మళ్లీ పసుపెక్కింది. "హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అంటూ సూపరింటెండెంటు గారు సెలవు కాగితం మీద సంతకం చేశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కంటికి కట్టుతో అమ్మ ఇంటికొచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండులా, ఇంట్లో కుళాయి ఆగిపోయింది.

"మీ ఆఫీసే కదే, ఒక మాట చెప్పరాదూ?" అంది అమ్మ మంచం మీంచి.

ప్రోగ్రామరమ్మ అందరిలాగే ఫిర్యాదు పెట్టింది. మేస్త్రీ రాలేదు. వీధిలో అడిగితే వాళ్ల ఫిర్యాదులకూ ఎవరూ రాలేదట. అమ్మ కంట్లో చుక్కలు వేయడానికి చేతులు కడుక్కోవాలన్నా పక్కింటి బకెట్టే దిక్కయింది. ఇక లాభం లేదని ఆఫీసుకు ఫోన్ చేసింది.

"సార్, స్క్రిప్టు ఆగిపోయినట్టుంది. ఒక్కసారి చూడండి."

"పొద్దున్నే చూశానమ్మా. హెచ్చరికలన్నీ వరసగా వచ్చాయి" అన్నారు సూపరింటెండెంటు గారు ఆప్యాయంగా. "నువ్వు బాగుచేసిన దగ్గర్నుంచీ ఒక్కరోజు కూడా మానలేదు."