బొంగరం కదలని పూట

ఆ ఆదివారం పొద్దున బొంగరం పెట్టుకున్న పని చాలా చిన్నది. పూటంతా కదలకుండా కూర్చోవాలి, అంతే. కానీ లిఫ్టులు బాగుచేసే ఆ కుర్రాడికి ఆ పేరు ఊరికే రాలేదు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, పడుకుంటే మంచం కిర్రుకిర్రుమంటుంది. అతను మనసుపడ్డ అమ్మాయి తండ్రేమో వాచీలు బాగుచేసే పెద్దాయన. "నిమిషం నిలకడలేనివాడికి పిల్లనివ్వను పో!" అని తెగేసి చెప్పాడు. కూతురు బతిమాలగా బతిమాలగా, నది సముద్రంలో కలిసేచోట పిట్టల్ని చూడ్డానికి వెళుతూ, పరీక్షగా వెంట రమ్మన్నాడు.

"దగ్గొద్దు, గోక్కోవద్దు. అవి వలస పిట్టలు, ఇట్టే లేచిపోతాయి."

"ఊపిరి పీల్చుకోవచ్చాండీ?"

"మెల్లిగా."

కూతురితో సహా ముగ్గురూ గట్టుమీద కూర్చున్న కాసేపటికే బొంగరం మోకాలు మొదలెట్టింది. అది తగిలి టెలిస్కోపు పక్కకు తిరిగింది. దాన్ని సర్దబోయి కాఫీ ఫ్లాస్కును తన్నాడు. అది ఠంగుఠంగుమంటూ బురదలోకి దొర్లింది. మేస్తున్న పిట్టలన్నీ గుప్పున లేచిపోయాయి. పెద్దాయన పళ్లు నూరాడు, కూతురు నెత్తి కొట్టుకుంది.

"ఇప్పుడే తెచ్చేస్తానండీ!" అంటూ బొంగరం పరుగెత్తాడు. ఫ్లాస్కు చేతికందేలోపు రెండు కాళ్లూ మోకాళ్లదాకా దిగబడిపోయాయి. ఒకటి లాగితే రెండోది ఇంకా దిగుతోంది. కాపాడండి మహాప్రభో అన్నట్టు గట్టువైపు తిరిగి చేతులెత్తాడు.

సరిగ్గా అప్పుడే అతని వెనకాల బురదదిబ్బమీద ఒక బుల్లి ఉల్లంకి పిట్ట వచ్చి వాలింది. దాని ముక్కు అచ్చం చెంచాలా ఉంది. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ పెద్దాయన వెతుకుతున్న పిట్ట అదే!

"చూశావుటే? మనకి చూపిస్తున్నాడు!"

"నాన్నా, ఆయన బురదలో ఇరుక్కున్నాడు."

"నోరు మూసుకో. పిట్ట బెదరకుండా ఒదిగి నిలబడ్డాడు."

పెద్దాయన ఫోను తీసి తోటి పిట్టల పిచ్చివాళ్లందరికీ కబురుపెట్టాడు. ఆదరాబాదరా వచ్చి గట్టు పొడుగునా బారులు తీరారు. ఒక్కడి దగ్గరా తాడు లేదు, అందరి దగ్గరా కెమెరాలే. బొంగరానికి కడుపు మండిపోయింది. మనిషి మునిగిపోతుంటే ఫొటోలు తీస్తారా, వీళ్ల అసాధ్యం కూలా! అరుద్దామని నోరు తెరిచాడు. గట్టుమీద అమ్మాయి రెండు చేతులూ జోడించి, కదలొద్దని తల అడ్డంగా ఊపింది. ఎందుకో తెలీలేదుగానీ, అరిస్తే ఈ పిల్ల తనకు దక్కదని మాత్రం అర్థమైంది. నోరు మూసుకున్నాడు.

సముద్రం పోటెక్కింది. ముక్కు దురద, తొడమీద పీత, లోపలంతా గిలగిల. అయినా కదల్లేదు. నీళ్లు నడుముకొచ్చేసరికి పిట్ట ఎగిరిపోయింది. నీళ్లకు బురద వదులై అతని కాళ్లు కూడా ఊడొచ్చాయి, బూట్లు మాత్రం లోపలే ఉండిపోయాయి. ఒట్టికాళ్లతో వణుకుతూ గట్టెక్కాడు.

పెద్దాయన పరుగున వచ్చి కావలించుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. "చప్పుడవుతుందని బూట్లు కూడా విప్పేశావా అల్లుడూ!"

అమ్మాయి గట్టిగా దగ్గింది.

"అవునండీ మామయ్యా" అన్నాడు బొంగరం. తర్వాత ఆమె తువ్వాలు అందిస్తుంటే చెవిలో మెల్లిగా అడిగాడు. "ఇంతకీ వీళ్లందరూ ఏం చూశారు?"

ఆ పెళ్లి కుదిర్చిన పిట్టను చూడనివాడు పెళ్లికొడుకు ఒక్కడే.