తల్లిదండ్రులతో సహా

ఆ ఉదయం లాయరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతుర్ని బడికి పంపడం, నల్లగౌను తగిలించుకోవడం, పన్నెండింటికల్లా కోర్టులో నిలబడి గోడ కేసు గెలవడం. దర్జీకీ, పక్కింటి వడ్రంగికీ మధ్య నాలుగేళ్లుగా నలుగుతున్న కేసు అది. ఈసారి వాదన జరగకపోతే కొట్టేస్తానని జడ్జిగారు తేల్చి చెప్పారు. గౌను లేకుండా వచ్చిన లాయరును ఆయన కన్నెత్తి కూడా చూడరు.

కూతురు బడికి వెళ్లడం వరకు పథకం చక్కగా సాగింది. ఆ తర్వాత గౌను కనిపించలేదు. బీరువా, మంచం కింద, ఇస్త్రీ బట్టల మూట, అన్నీ అయ్యాయి. భర్తను కూడా నిలదీసింది. తన జన్మలో ఆ గౌను ముట్టుకోలేదని ఆయన ప్రమాణం చేశాడు. ఇల్లంతా తలకిందులై ఉన్న ఆ సమయంలోనే ఆమె క్లయింటు దర్జీ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీకో మాట చెప్పాలండీ."

"మీరేం చెప్పక్కర్లేదు. కోర్టులో నోరెత్తకుండా నిలబడండి. అంతా నేను చూసుకుంటాను" అని పెట్టేసింది. వెంటనే బడి నుంచి మరో ఫోన్. మీ అమ్మాయి సంచి సోదా చేయనివ్వడం లేదు, ఉన్నపళంగా రండి అని.

ఇంకో తల్లయితే కంగారుపడేది. లాయరమ్మ పొంగిపోయింది. ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఆ పదేళ్ల పిల్లకు ఉగ్గుపాలతోనే హక్కులు నూరిపోసిన ఘనత ఆమెది. ఎవరైనా నీ సంచి వెతుకుతామంటే ఎందుకో అడుగు, కారణం చెప్పందే ఇవ్వకు అని ఎన్నిసార్లు చెప్పిందో. దారిలో ఎవరి గౌనైనా అరువు తెచ్చుకోవచ్చులే అనుకుని బడికి బయల్దేరింది.

జరిగింది ఇదీ. పొద్దున ప్రార్థనకు అందరూ సంచులతో మైదానంలో ఉండగా డ్రిల్లు మాస్టారి ఈల పోయింది. ఆయన ఒక తరగతి సంచులన్నీ వెతుకుదామని మొదట పిడుగు సంచి మీద చెయ్యి వేశారు. నా మీదే అనుమానం ఎందుకు మాస్టారూ, చెప్తే తెరుస్తాను అంది పిడుగు. ముందు తెరువు, తర్వాత చెప్తాను అన్నారాయన. పిడుగు సంచి మీద కూర్చుంది. అది చూసి తరగతి అంతా తమ తమ సంచుల మీద కూర్చుంది. పక్క తరగతిని ఎవరూ ఏమీ అడగకపోయినా వాళ్లూ కూర్చున్నారు. లెమ్మని చెప్పడానికి ఈల లేదు. లాయరమ్మ వచ్చేసరికి మైదానమంతా సంచులు, సంచుల మీద పిల్లలు. ఒకటో తరగతివాళ్లు విషయమేమిటో తెలియకపోయినా మహా దర్జాగా కూర్చున్నారు.

హెడ్మాస్టారు నోట్లో నాలుక లేని మనిషి. ఆయన గదిలో లాయరమ్మ వాదన మొదలుపెట్టాక ఆ ఉన్న కాస్త ధైర్యమూ ఆవిరైపోయింది. ఫలానా పిల్ల మీద ఫలానా అనుమానం అని చెప్పలేనప్పుడు సోదా ఎలా చేస్తారని ఆమె అడిగితే, నా ఈల పోయిందండీ అన్నారు డ్రిల్లు మాస్టారు.

"పిల్లల మాట వినకుండా పిల్లల్ని శిక్షించే హక్కు ఎవరికీ లేదండీ. ముందు వినాలి."

"అమ్మా, ఒక్క మాట" అని పిడుగు ఆమె మోచెయ్యి పట్టుకుని లాగింది.

"నువ్వుండవే. నీ తరఫునే మాట్లాడుతున్నానుగా."

హెడ్మాస్టారు దిగివచ్చారు. సోమవారం కమిటీని కూర్చోబెడతామన్నారు. అందాకా సంచి సంగతేమిటని ఆయనే అడిగితే, లాయరమ్మ గది అటూ ఇటూ తిరుగుతూ ఉత్తర్వు చెప్పి రాయించింది. పిల్ల మాట విని, పిల్ల ఒప్పుకుంటే తప్ప సంచి ఎవరూ తెరవరాదు. ఎవరూ అంటే ఎవరెవరండీ అని ఆయన బిక్కుబిక్కుమంటూ అడిగారు. న్యాయం ఎంత నిష్పాక్షికంగా ఉండాలో చూపించే అవకాశం లాయరమ్మ వదులుకుంటుందా?

"రాయండి. తల్లిదండ్రులతో సహా."

పిల్లలకొక న్యాయం, పెద్దలకొక న్యాయం పనికిరాదు గనక డ్రిల్లు మాస్టారి సంచినీ జత చేయించింది. పిడుగు మళ్లీ లాగింది, మళ్లీ ఉండమనిపించుకుంది. పరీక్ష పేపర్ల కట్టలకు వేసే లక్కతో హెడ్మాస్టారు రెండు సంచులకూ ముద్రలు వేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. లాయరమ్మ విజయగర్వంతో గుమ్మం దాటుతూ, ఇంతకీ ఏమిటే నీ గోల అంది.

"నీ గౌను అందులోనే ఉందమ్మా."

లాయరమ్మ గడియారం చూసుకుంది. కోర్టుకు టైమైపోతోంది, ఇక ఎవరినీ అరువు అడిగే వ్యవధి లేదు. గిరుక్కున వెనక్కి తిరిగి, అత్యవసరమని, ప్రతి నియమానికీ మినహాయింపు ఉంటుందని తన ఉత్తర్వునే చీల్చి చెండాడింది. హెడ్మాస్టారు కళ్లజోడు సవరించుకుని కాగితం తీశారు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఒక ఆధారం దొరికింది.

"తల్లిదండ్రులతో సహా అని మీరే రాయించారండీ. పాప ఒప్పుకుంటే సరే. కానీ ముందు పాప మాట వినాలి."

పిడుగుకు కుర్చీ వేశారు. లాయరమ్మ నిలబడింది.

"మా క్లాసులో ఇవాళ ఉత్తుత్తి కోర్టు. నేను లాయర్ని. గౌను ఇస్తావా అని వారం నుంచి అడుగుతున్నా. తర్వాత తర్వాత అన్నావు. రాత్రి నువ్వు ఫోన్‌లో ఉంటే మళ్లీ అడిగా, తలూపావు. నేను దొంగతనంగా తీసుకోలేదు."

లాయరమ్మకు ఆ తల ఊపడం గుర్తే లేదు. వారమంతా ఈ పిల్ల తన వెనకాలే తిరిగిన సంగతి మాత్రం ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది. కళ్లు కూడా చెమర్చాయి.

"ఇంకేమైనా చెప్పాలా నాన్నా?"

"చాలా ఉంది. కానీ నీకు కోర్టు టైమవుతోంది. సాయంత్రం వింటావా?"

"వింటాను."

పిడుగు ఒప్పుకుంది. లక్క పగిలింది, గౌను బయటికొచ్చింది. అదే న్యాయం ప్రకారం డ్రిల్లు మాస్టారి సంచీ తెరవక తప్పలేదు. తువ్వాలు మడతలో ఈల ఉంది. డ్రిల్లు మాస్టారు సిగ్గుపడటం మరిచిపోయి ఆనందంతో ఊదేశారు. బడి బడంతా ఒక్కసారిగా లేచి నిలబడింది.

నలిగిపోయిన గౌనుతో లాయరమ్మ కోర్టులో పడేసరికి కేసు పిలుస్తున్నారు. జడ్జిగారు కానివ్వమన్నారు. ఆమె గొంతు సవరించుకుంది. మెడలో టేపుతో వచ్చిన దర్జీ వెనక నుంచి గౌను అంచు పట్టుకుని మెల్లగా లాగాడు. నోటిదాకా వచ్చిన 'మీరుండండి' ఆమె మింగేసింది. నా క్లయింటు ఏదో చెప్పాలనుకుంటున్నారు, దయచేసి వినండి అంది. ఆమె నోట అలాంటి మాట ఎన్నడూ వినని జడ్జిగారు కలం కింద పెట్టారు.

"అయ్యా, పోయిన నెల వానకి ఆ గోడ పడిపోయిందండి" అన్నాడు దర్జీ. "మళ్లీ కట్టడమెందుకని మేమిద్దరం అనుకున్నాం. వడ్రంగి అక్కడొక బల్ల చేసి వేశాడు. రోజూ సాయంత్రం దానిమీదే కూర్చుంటున్నాం. ఈ ముక్క చెబుదామనే అమ్మగారికి అప్పట్నుంచీ ఫోన్ చేస్తున్నానండి."

లాయరమ్మ ఇంతవరకు గెలిచిన కేసులన్నిటిలో, ఒక్క వాదన కూడా చేయకుండా ఇరుపక్షాలనూ గెలిపించింది అదొక్కటే.